పట్టుపురుగు రక్షణ కవచం

పాఠ్యభాగ నేపథ్యం

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలు ఒకప్పుడు అనంతపురం జిల్లాలో భాగాలు. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినప్పటి నుంచి అవి ఆ జిల్లాలో ఉన్నాయి. వర్షం తక్కువగా కురిసే ఈ సీమలో మల్బరీ తోట, పట్టుపురుగు, మగ్గం అనే మూడూ వేలాది కుటుంబాలకు జీవాధారాలు. కంటికి కనిపించని ఒక వైరస్ ఈ మూడింటినీ కలిపే దారాన్ని తెంచగలదు. ఆ వైరస్‌ను పట్టుపురుగు శరీరం ఏ విధంగా ఎదుర్కొంటుందో, ఎక్కడ ఓడిపోతుందో, ఆ ఓటమిని గెలుపుగా మార్చడానికి శాస్త్రవేత్తలూ రైతులూ ఏమి చేస్తున్నారో ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యభాగం

ధర్మవరం పట్టుచీర అంచులోని మెరుపును చూసి ముగ్ధులు కానివారు అరుదు. ఆ చీర నేతగాని చేతికి దారంగా రాకముందు ఒక చిన్న పురుగు నోటి నుంచి వెలువడిన ద్రవం. గాలి తగలగానే అది గట్టిపడి పోగుగా మారింది. మేలుజాతి పట్టుగూడు ఒక్కదాని నుంచే దాదాపు వెయ్యి మీటర్ల పోగు లభిస్తుంది. హిందూపురం పట్టుగూళ్ల విపణిలో రాశులుగా కనిపించే తెల్లని గూళ్ల వెనుక సుమారు నాలుగు వారాల రాత్రింబగళ్ల శ్రమ ఉంది.

గుడ్డు నుంచి వెలువడిన పట్టుపురుగు ఐదు దశలలో పెరుగుతుంది. ఒక దశకూ మరొక దశకూ నడుమ అది మేత మాని, కదలక, పాత చర్మాన్ని విడుస్తుంది. దీనినే రైతులు ‘జ్వరం’ అంటారు. నాలుగు జ్వరాలు దాటిన పురుగు పుట్టిననాటి బరువుకు దాదాపు పదివేల రెట్లు పెరుగుతుంది. జీవితకాలంలో అది తినే ఆకులో 80 శాతానికి పైగా ఐదవ దశలోనే తింటుంది. కనుక రైతు పెట్టుబడిలోనూ శ్రమలోనూ అధికభాగం చివరి వారంలోనే ఖర్చవుతుంది. పాలరోగం సాధారణంగా బయటపడేది కూడా ఆ వారంలోనే.

పాలరోగం

శాస్త్రగ్రంథాలలో గ్రాసరీ అనే పేరుతో వ్యవహరించే వ్యాధినే రైతులు పాలరోగం అంటారు. ఈ వ్యాధి సోకిన పురుగు చర్మం నునుపెక్కి మెరుస్తుంది. కణుపులు ఉబ్బుతాయి. పురుగు జ్వరానికి కూర్చోదు, మేతపై నిలవదు. తట్ట అంచుల వెంబడి అశాంతిగా పాకుతుంది. సన్నబడిన చర్మం ఏ కొంచెం ఒత్తిడికైనా చిట్లి, లోపలి నుంచి పాలవంటి తెల్లని ద్రవం కారుతుంది. ఆ ద్రవపు బొట్టు ఒక్కటి మేతపై పడితే చాలు, లక్షలాది వైరస్ స్ఫటికాలు ఇతర పురుగుల నోటికి అందుతాయి.

ఈ వ్యాధికి కారణం న్యూక్లియోపాలిహెడ్రోవైరస్. దాని నిర్మాణం విచిత్రమైనది. అనేక వైరస్ కణాలు ఒక ప్రోటీన్ స్ఫటికంలో పొదిగి ఉంటాయి. బహుముఖాలు గల ఆ స్ఫటికం వైరస్‌కు కోటవంటిది. పురుగు చచ్చి కుళ్లిపోయినా ఆ కోట చెదరదు. షెడ్డు మట్టిలో, గోడ పగుళ్లలో, తట్టల సందులలో అది నెలలే కాదు, సంవత్సరాల తరబడి నిలిచి ఉంటుంది. ఒక పంటలో మిగిలిన ధూళి మరొక పంటకు శత్రువు కావడానికి కారణం ఇదే.

ఆ కోట తలుపు తెరిచేది కూడా పట్టుపురుగే. దాని జీర్ణనాళంలోని రసం బలమైన క్షార స్వభావం కలది. మల్బరీ ఆకును అరిగించుకోవడానికి ప్రకృతి ఆ పురుగుకు ఇచ్చిన వరం అది. కానీ స్ఫటికం కరగడానికి కావలసింది సరిగ్గా ఆ క్షారమే. ఆకుతోపాటు లోపలికి చేరిన స్ఫటికం కరిగి వైరస్ కణాలను విడుదల చేస్తుంది. అవి ముందుగా జీర్ణనాళపు గోడ కణాలలో ప్రవేశిస్తాయి. అక్కడ వృద్ధి పొంది, శ్వాసనాళాల గుండా, రక్తం గుండా శరీరమంతా వ్యాపిస్తాయి. కణకేంద్రకాలు కొత్త స్ఫటికాలతో నిండి పగిలిపోతాయి. పాలవంటి ఆ తెలుపు ఈ స్ఫటికాల తెలుపే.

వైరస్ కణాన్ని చంపడంతో ఆగదు. పురుగు నడవడికను కూడా మారుస్తుంది. రోగగ్రస్తమైన పురుగు ఎత్తైన చోటికి పాకడం యాదృచ్ఛికం కాదు. ఆ సంచారానికి వైరస్‌లోని ఒక జన్యువు కారణమని శాస్త్రవేత్తలు 2005లో చూపారు. పైకి పాకి, తల కిందికి వేలాడి చచ్చిన పురుగు నుంచి కారే ద్రవం కింది ఆకులపై పడుతుంది. వైరస్ తన వ్యాప్తికి పురుగునే వాహనం చేసుకుంటుందన్నమాట.

లోపలి సైన్యం

ఇంతటి శత్రువు ఎదుట పట్టుపురుగు పూర్తిగా నిరాయుధ కాదు. దాని శరీరంలో అంచెలంచెలుగా రక్షణ వ్యవస్థ ఉంది.

మొదటి అంచె అడ్డుగోడలు. శరీరం బయట కైటిన్ అనే గట్టి పదార్థంతో కూడిన చర్మం ఉంది. జీర్ణనాళం లోపల ఆహారానికీ గోడకూ నడుమ ఒక పలుచని పొర ఉంది. వైరస్ ఈ పొరను దాటిన తరువాతనే కణాన్ని తాకగలదు. జీర్ణరసంలో కూడా రక్షకులున్నారు. మల్బరీ ఆకులోని పత్రహరితం నుంచి వెలుతురు సహాయంతో ఏర్పడే ఎరుపు కాంతి గల ప్రోటీన్ ఒకటి వైరస్‌ను నిర్వీర్యం చేస్తుంది. జీర్ణరసంలోని కొన్ని ఎంజైములకు కూడా ఈ శక్తి ఉన్నదని 2003, 2004 సంవత్సరాలలో జపాన్ శాస్త్రవేత్తలు నిరూపించారు.

రెండవ అంచె రక్తకణాలు. కీటకాల రక్తం మన రక్తంవలె ఎర్రగా ఉండదు. దానిలో సంచరించే కణాలను పట్టుపురుగులో ఐదు రకాలుగా గుర్తించారు. వాటిలో కొన్ని చొరబడిన సూక్ష్మజీవులను మింగివేస్తాయి. శత్రువు పెద్దదైతే అనేక కణాలు దాని చుట్టూ చేరి గూడు కట్టి బంధిస్తాయి. గాయమైన చోట నల్లని పదార్థం ఏర్పడి శత్రువును చుట్టివేస్తుంది. రక్తకణాలు సూక్ష్మజీవులను భక్షించి శరీరాన్ని కాపాడతాయన్న సత్యాన్ని మొదట గ్రహించినవాడు రష్యా శాస్త్రవేత్త ఎలీ మెచ్నికోఫ్. 1882లో నక్షత్రచేప పిల్లలపై చేసిన పరిశీలన ఆయనకు ఈ ఆలోచన నిచ్చింది. 1908లో ఆయనకు నోబెల్ పురస్కారం లభించింది. అల్పజీవుల శరీరంలో కనిపించిన ఆ రక్షణే మానవ వైద్యశాస్త్రానికి కొత్త దారి చూపింది.

మూడవ అంచె రసాయన ఆయుధాలు. పురుగు శరీరంలోని కొవ్వు కణజాలం ప్రమాద సంకేతం అందగానే చిన్న చిన్న ప్రోటీన్లను రక్తంలోకి వదులుతుంది. అవి బ్యాక్టీరియాల పొరలను ఛేదిస్తాయి. ఇటువంటి ప్రోటీన్లలో ఒకటైన సెక్రోపిన్‌ను స్వీడన్ శాస్త్రవేత్త హాన్స్ బోమన్ బృందం 1980వ దశకం ఆరంభంలో ఒక పెద్ద పట్టుచిలుక జాతి నుంచే వేరుచేసింది. అయితే ఈ ఆయుధాలు ముఖ్యంగా బ్యాక్టీరియాలకూ శిలీంధ్రాలకూ గురిపెట్టినవి. కణం లోపల దాగిన వైరస్‌ను అవి సులభంగా చేరలేవు.

నాలుగవ అంచె కణం లోపలి పోరాటం. వైరస్ సోకిన కణం కొన్నిసార్లు తనంత తానే నశిస్తుంది. తాను చచ్చి, వైరస్ వృద్ధిని ఆపి, పొరుగు కణాలను కాపాడే ఆత్మార్పణం ఇది. కానీ వైరస్ దగ్గర ఈ ఆత్మార్పణాన్ని అడ్డుకునే ప్రోటీన్ ఉంది. మరణించవలసిన కణాన్ని బలవంతంగా బ్రతికించి, దానిని తన కర్మాగారంగా మార్చుకుంటుంది.

కణానికి మరొక ఉపాయం కూడా ఉంది. వైరస్ వృద్ధి పొందేటప్పుడు జంటపోగుల ఆర్.ఎన్.ఏ. ఏర్పడుతుంది. కణంలోని డైసర్ అనే ఎంజైమ్ దానిని చిన్న చిన్న ముక్కలుగా ఖండిస్తుంది. ఆ ముక్కలు ఆనవాళ్లుగా పనిచేస్తాయి. వాటితో సరిపోలే వైరస్ సందేశం ఎక్కడ కనిపించినా కణం దానిని తుంచివేస్తుంది. ఆర్.ఎన్.ఏ. జోక్యం అనే ఈ ప్రక్రియను వివరించిన ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లోలకు 2006లో నోబెల్ పురస్కారం లభించింది. వారి ప్రయోగాలు 1998లో ఒక చిన్న నులిపురుగుపై జరిగినవి.

పిల్లికి ఉన్నది, పురుగుకు లేనిది

ఇన్ని అంచెలున్నా పట్టుపురుగుకు ఒక లోటుంది. దానిని గ్రహించడానికి వెన్నెముక గల జంతువుతో పోల్చి చూడాలి. పిల్లులకు సోకే లుకేమియా వైరస్‌ను 1964లో గ్లాస్గోలో విలియం జారెట్ బృందం కనుగొన్నది. ఆ వైరస్ ప్రధానంగా లాలాజలం ద్వారా వ్యాపించి, గొంతు దగ్గరి శోషరస కణజాలంలో ముందుగా స్థిరపడుతుంది. పిల్లి శరీరం వెంటనే వైరస్‌ను గుర్తించి, దానికే ప్రత్యేకమైన ప్రతిదేహాలను, సోకిన కణాలను చంపే తెల్లరక్తకణాలను తగినంతగా తయారుచేయగలిగితే రక్తంలో వైరస్ నిలవదు. కొన్ని పిల్లులలో వైరస్ జన్యుసమాచారం కణాలలో మిగిలిపోయినా అది అణగి ఉంటుంది. ఆ ప్రతిస్పందన బలహీనమైతే వైరస్ ఎముకమజ్జను ఆక్రమిస్తుంది. రక్తహీనతకూ, కణితులకూ, ఇతర వ్యాధులకూ ఆ పిల్లి గురవుతుంది. ప్రతిదేహాలను ముందుగానే పుట్టించే టీకా 1985లో అమెరికాలో అందుబాటులోకి వచ్చింది.

పట్టుపురుగుకు ప్రతిదేహాలు లేవు. ఒక శత్రువు ముఖాన్ని గుర్తుపెట్టుకొని, అది తిరిగి వచ్చినప్పుడు దానికే తగిన ఆయుధంతో ఎదుర్కొనే తెల్లరక్తకణాలూ లేవు. పురుగు దశలో దాని జీవితం సుమారు నాలుగు వారాలు. వైరస్ దానిని వారంలోపే చంపగలదు. కనుక పిల్లికి వేసినట్లు పట్టుపురుగుకు టీకా వేయడం సాధ్యం కాదు. రోగం పైకి కనిపించిన తరువాత మందు వేసి ఆ పురుగును బ్రతికించడమూ సాధ్యం కాదు. పురుగు శరీరంలో లేని ఆ జ్ఞాపకశక్తిని రైతు తన మెలకువతో భర్తీ చేయవలసి ఉంటుంది.

షెడ్డే కోట

పట్టుపురుగు ఆరోగ్యానికి పరిశుభ్రతే పునాది అని లోకానికి చాటినవాడు లూయీ పాశ్చర్. ఫ్రాన్స్ పట్టు పరిశ్రమ పెబ్రిన్ అనే వ్యాధితో కుప్పకూలుతున్న రోజులలో, 1865లో ఆయన ఆలే పట్టణానికి వెళ్లాడు. అంతవరకు ఆయనకు పట్టుపురుగుల పెంపకంతో పరిచయం లేదు. గుడ్లు పెట్టిన తల్లి చిలుకను నూరి సూక్ష్మదర్శినిలో పరీక్షించి, వ్యాధి ఆనవాళ్లు ఉంటే ఆ గుడ్లను పారవేయడం అనే పద్ధతిని ఆయన నెలకొల్పాడు. నేటికీ విత్తన కేంద్రాలలో రోగరహిత గుడ్లను ఈ పరీక్షతోనే సిద్ధం చేస్తారు.

పెబ్రిన్ తల్లి నుంచి గుడ్డుకు సంక్రమిస్తుంది. కాబట్టి సూక్ష్మదర్శిని దానిని ఆపగలిగింది. పాలరోగం ప్రధానంగా పరిసరాల నుంచి, మేత నుంచి వస్తుంది. అందువల్ల దీనిని ఆపవలసింది షెడ్డులోనే. ప్రతి పంటకు ముందు, తరువాత గదిని, తట్టలను, చంద్రికలను కడిగి, బ్లీచింగ్ పౌడర్, సున్నం కలిపిన ద్రావణంతోనో, క్లోరిన్ డయాక్సైడ్ ద్రావణంతోనో క్రిమిరహితం చేయాలి. పురుగులు జ్వరానికి కూర్చున్నప్పుడు పడకపై సున్నపు పొడి చల్లి దానిని పొడిగా ఉంచాలి. జ్వరం నుంచి లేచిన పురుగులకు మేత వేయడానికి ముందు ‘విజేత’ వంటి పడక శుద్ధి పొడిని చల్లాలి. రోగం సోకిన పురుగులను చేతితో నలపక, ఏరి, సున్నపు నీటిలో వేసి, తరువాత దూరంగా పూడ్చిపెట్టాలి. షెడ్డులో అడుగుపెట్టే ముందు చేతులు, కాళ్లు శుభ్రం చేసుకోవాలి.

వాతావరణం కూడా పురుగు రక్షణశక్తిని శాసిస్తుంది. చాకీ పురుగులకు 26 నుంచి 28 డిగ్రీల వేడి, అధికమైన తేమ అనుకూలం. పెద్ద పురుగులకు 24, 25 డిగ్రీల వేడి, 70 శాతం లోపు తేమ చాలు. పెనుకొండ కొండల చుట్టూ వేసవిలో పగటి ఎండ ఈ హద్దును ఎంతగానో మించుతుంది. పగలూ రాత్రీ నడుమ వేడిమి హెచ్చుతగ్గులు పెరిగినప్పుడు, ముదిరిన ఆకు, తడి ఆకు మేతగా వేసినప్పుడు పురుగు బలహీనపడుతుంది; పాలరోగం విజృంభిస్తుంది. షెడ్డు కప్పుపై కొబ్బరి మట్టలు పరచడం, కిటికీలకు తడిపిన గోనెలు కట్టడం, చుట్టూ నీడనిచ్చే చెట్లు పెంచడం రైతులు అనుభవంతో నేర్చిన ఉపాయాలు.

చాకీ దశలోని జాగ్రత్త మరింత ముఖ్యం. లేత పురుగును చంపడానికి అతి కొద్ది స్ఫటికాలు చాలు. ముదిరిన పురుగును చంపడానికి అంతకన్న ఎన్నో రెట్లు కావాలి. చిన్ననాట ఒక మూల కొద్ది పురుగులకు సోకిన వ్యాధి, దశ తరువాత దశగా పెరిగి, చివరి వారంలో పడకనంతా ముంచెత్తుతుంది. ఆకంతా కోసివేసి, కూలీలకు డబ్బు చెల్లించి, గూళ్ల కోసం చంద్రికలు సిద్ధం చేసుకున్న కుటుంబానికి ఆ వారంలో ఎదురయ్యే నష్టం లెక్కలలో మాత్రమే ఇమిడేది కాదు. పిల్లల చదువు, తెచ్చిన అప్పు, ఆడబిడ్డ పెళ్లి ఆ పంటను నమ్ముకొని ఉంటాయి.

కిరికెర నుంచి కొత్త ఆశ

పురుగులో లేని శక్తిని పురుగుకే ఇవ్వడం సాధ్యమా? ఈ ప్రశ్నకు సమాధానం వెదికినవారిలో హిందూపురానికి సన్నిహిత సంబంధం ఉంది. హిందూపురం సమీపంలోని కిరికెరలో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పట్టుపరిశ్రమ పరిశోధన అభివృద్ధి సంస్థ ఉంది. హైదరాబాదులోని డి.ఎన్.ఏ. ఫింగర్‌ప్రింటింగ్ అండ్ డయాగ్నోస్టిక్స్ కేంద్రానికి చెందిన శాస్త్రవేత్త జె. నాగరాజు నాయకత్వంలో, కిరికెర శాస్త్రవేత్తలూ ఫ్రాన్స్ శాస్త్రవేత్తలూ కలిసి ఒక పరిశోధన సాగించారు.

వారి ఆలోచన సరళమైనది. ఆర్.ఎన్.ఏ. జోక్యం అనే ఆయుధం పురుగు కణంలో ఇప్పటికే ఉంది. అయితే వైరస్ ప్రవేశించి, వృద్ధి మొదలుపెట్టిన తరువాత గాని ఆ ఆయుధం పదునెక్కదు. అప్పటికే ఆలస్యం అవుతుంది. వైరస్ ఆనవాళ్లను ముందుగానే కణానికి అందిస్తే? వైరస్ మనుగడకు అత్యవసరమైన నాలుగు జన్యువుల చిన్న భాగాలను వారు పట్టుపురుగు జన్యువులలో చేర్చారు. ఆ పురుగు కణాలు పుట్టుకతోనే ఆ జంటపోగుల ఆర్.ఎన్.ఏ.ను తయారుచేసుకుంటాయి. వైరస్ వచ్చేసరికి కత్తి పదునుగా ఉంటుంది. ఒక్క జన్యువునే గాక నాలుగింటిని గురిపెట్టడం వల్ల, వైరస్ ఒకచోట మారి తప్పించుకున్నా మరొకచోట పట్టుబడుతుంది.

ఆ పరిశోధన ఫలితాలు 2013 జనవరిలో ‘జెనెటిక్స్’ అనే అంతర్జాతీయ పత్రికలో వెలువడ్డాయి. అధిక దిగుబడి ఇచ్చినా వైరస్‌కు త్వరగా లొంగే ఒక జాతికి ఈ లక్షణాన్ని సంక్రమింపజేసినప్పుడు, వైరస్ సోకించిన పురుగులలో 75 శాతానికి పైగా బ్రతికాయి. మార్పు చేయని పురుగులలో బ్రతికినవి 15 శాతం లోపే. అంతేకాక, మార్పు చేసిన పురుగుల నుంచి వచ్చిన వైరస్ స్ఫటికాలకు సోకే శక్తి కూడా తగ్గింది. ఈ ఫలితం అచ్చయ్యే నాటికి నాగరాజు జీవించి లేరు. ఆయన 2012 డిసెంబర్ 31న కన్నుమూశారు.

ప్రయోగశాలలోని విజయం రైతు షెడ్డుకు చేరడం ఒక్క అడుగులో జరిగే పని కాదు. జన్యుమార్పిడి చేసిన జీవిని బయటికి విడుదల చేయడానికి ముందు జీవభద్రతా పరీక్షలు, ప్రభుత్వ అనుమతులు అవసరం. ఆ పురుగు చిలుకగా మారి ఇతర జాతులతో కలిస్తే ఏమగునన్న ప్రశ్నకు సమాధానం కావాలి. శతాబ్దాల పెంపకం వల్ల పట్టుచిలుక ఎగిరే శక్తిని కోల్పోయి, మనిషి సహాయం లేక బ్రతకలేని స్థితికి చేరింది. ఆ భయాన్ని తగ్గించే అంశం ఇది. కానీ పరీక్షను అనవసరం చేసే అంశం కాదు.

ఇటువంటి పురుగు ఎప్పుడు షెడ్డుకు చేరినా, సున్నపు పొడికీ, బ్లీచింగ్ ద్రావణానికీ ఉన్న విలువ తగ్గదు. జన్యుశక్తి గల పురుగులలోనూ కొన్ని వైరస్‌కు లొంగినవే. పైగా పాలరోగం ఒక్కటే శత్రువు కాదు. సున్నపుకట్టు రోగం, ఫ్లాచరీ, ఊజీ ఈగ కూడా పట్టుపురుగు కోసం కాచుకొని ఉంటాయి. ప్రకృతి ఇచ్చిన అడ్డుగోడలు, రక్తకణాలు, రసాయన ఆయుధాలు లోపలి కవచం. రైతు చేతి శుభ్రత బయటి కవచం. శాస్త్రం ఈ రెండింటి నడుమ మూడవ కవచాన్ని అల్లుతున్నది. ఈ మూడూ కలిసి నిలిచిన నాడు పెనుకొండ పల్లెలోని షెడ్డు నుంచి హిందూపురం విపణికి, అక్కడి నుంచి ధర్మవరం మగ్గానికి సాగే పట్టుపోగు తెగకుండా ఉంటుంది.

కఠిన పదాలకు అర్థాలు

విపణి = అంగడి, సంత
నిరాయుధ = ఆయుధం లేనిది
యాదృచ్ఛికం = అనుకోకుండా జరిగినది
నిర్వీర్యం = శక్తి లేనిది
ప్రతిదేహాలు = రోగకారకాన్ని గుర్తించి బంధించే ప్రోటీన్లు
పత్రహరితం = ఆకుకు పచ్చదనాన్నిచ్చే పదార్థం
విజృంభించు = చెలరేగు
ఆత్మార్పణం = తనను తాను అర్పించుకొనడం
చాకీ పురుగులు = మొదటి రెండు దశలలోని లేత పట్టుపురుగులు
చంద్రిక = పురుగులు గూళ్లు కట్టుకొనే అల్లిక

సంధులు

జీవాధారం = జీవ + ఆధారం – సవర్ణదీర్ఘ సంధి
ప్రత్యేకం = ప్రతి + ఏకం – యణాదేశ సంధి
ఆత్మార్పణం = ఆత్మ + అర్పణం – సవర్ణదీర్ఘ సంధి

ప్రశ్నలు

అ. వ్యాసరూప ప్రశ్నలు
1. పట్టుపురుగు శరీరంలోని రక్షణ అంచెలను వివరించండి.
2. పాలరోగాన్ని అరికట్టడంలో రైతు పాత్రను, శాస్త్రవేత్త పాత్రను పోల్చి రాయండి.

ఆ. సంగ్రహరూప ప్రశ్నలు
1. జీర్ణరసంలోని క్షారం పట్టుపురుగుకు వరమూ శాపమూ ఎట్లయింది?
2. పిల్లికి టీకా సాధ్యమైనా పట్టుపురుగుకు ఎందుకు సాధ్యం కాదు?
3. పెబ్రిన్‌ను ఆపిన పద్ధతి పాలరోగానికి ఎందుకు చాలదు?

ఇ. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. పట్టుపురుగు విషయంలో ‘జ్వరం’ అంటే ఏమిటి?
2. రక్తకణాలు సూక్ష్మజీవులను మింగుతాయని మొదట గ్రహించినవారెవరు?
3. కిరికెరలో ఉన్న పరిశోధన సంస్థ ఏది?
4. నాగరాజు బృందం వైరస్‌కు చెందిన ఎన్ని జన్యువులను గురిపెట్టింది?